పటంలో నా మోచెయ్యి

ఫోటోలు తీసి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లు హిందూపురంలో చాలామంది ఉన్నారు. ఒక ఫోటో తీయడం కోసం ఎదురు పన్నెండున్నర వేలు చెల్లించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ విషయంలో నాకు ముందు ఎవరూ లేరు, నా తర్వాత ఎవరూ ప్రయత్నించలేదు. నన్నెవరూ మోసం చేయలేదు, మభ్యపెట్టలేదు. పట్టపగలు, పూర్తి స్పృహలో, సాక్షి ఎదుట, బేరమాడి మరీ చెల్లించాను.

బేరం తెలియని అమాయకుడు కాబోలు అనుకోకండి. మా నాయనది బజారులో బెల్లం, చింతపండు అంగడి. నాకు అక్షరాలకన్నా ముందు తూకం రాళ్లు తెలుసు. టమోటాలు కొంటే కొసరుగా కొత్తిమీర, కొత్తిమీర కొంటే కొసరుగా కరివేపాకు తీసుకోకుండా నేను ఇంటికి రాను. ఒకసారి బస్సు కండక్టరును టికెట్టు ధర తగ్గించమని అడిగాను. అతను తగ్గించలేదు గానీ, నా వాలకం చూసి కూర్చోవడానికి సీటు చూపించాడు. బేరమాడితే ఏదో ఒకటి రాకపోదని అప్పటినుంచి నా నమ్మకం.

మా నాయన నాకు ఆస్తి కింద రెండు మాటలు ఇచ్చాడు. మొదటిది: "సరుకు చూసేవాని కండ్లు చూడద్దురా, చెయ్యి చూడు. నిజంగా కావల్లనుకున్నోడు కండ్లు యాడికో తిప్పుకుంటాడు గానీ, చెయ్యి మాత్రం సరుకుమీదనుంచి తీయడు." రెండోది: "కొనే ఉద్దేశం లేనప్పుడు ధర అడగద్దు. బోణీ కాకముందైతే చచ్చినా అడగద్దు." పొద్దున తొలి బేరం బోణీ. ఆ వేళ ధర అడిగి, అంగడివాడు దిగి వచ్చాక చేతులు దులుపుకుని పోతే, ఆ రోజంతా అంగడికి చెడు. మా బజారులో దొంగతనం చేసినవాణ్ణి క్షమించిన సందర్భాలు ఉన్నాయి. బోణీ చెడగొట్టినవాణ్ణి క్షమించినట్టు నేను వినలేదు.

మొదటి మాట ముప్పై ఏళ్లకు పైగా నాకు అన్నం పెట్టింది. రెండో మాటను నేను ఒక్కసారే మీరాను. ఇది ఆ ఒక్కసారి కథ.

ఫోనుతో నిమిషానికి ఇరవై ఫోటోలు తీసే పిల్లలు ఇప్పుడు నన్ను చూసి, "అంకుల్, మనిషి ఫోటోకు ఏ లెన్సు మంచిది?" అని అడుగుతుంటారు. నేను కుర్చీ గురించి చెబుతాను. వాళ్లకు నచ్చదు. కానీ నిజం అదే. మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాం, చుట్టూ ఎంత చోటు వదిలాం, చేతికి ఏమిచ్చాం అన్నది తేలకుండా ముఖం ఒక్కటే ఏమీ చెప్పదు. అగళి నుంచి ఒక రైతు వచ్చాడు. ఎంత చెప్పినా నవ్వడు. జేబులోంచి కొత్త ట్రాక్టరు తాళంచెవి తీసి వేలికి తగిలించుకున్నాడు. అంతే, నేను అడగకుండానే నవ్వాడు. బుక్కపట్నం చెరువులో చేపలు పట్టే ఆయన ఒకరు మా స్టూడియో కుర్చీలో కూర్చుంటే, కుర్చీ ఎప్పుడు బోల్తా పడుతుందోనని అంచున సర్దుకుంటూనే ఉన్నాడు. కిందికి దిగి గొంతుక్కూర్చోమంటే చక్రవర్తిలాగా వచ్చాడు. ఒక కానిస్టేబులు వచ్చి ఫోటోలో బూట్లు పడాలన్నాడు. ముఖం చిన్నదవుతుందని చెప్పాను. "ముఖం అందరికీ ఉంటాదన్నా" అన్నాడు. బూట్లతో సహా తీశాను.

స్టూడియోలో నాతో పాటు కంప్యూటరు ముందు ఒకామె పనిచేసేది. పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చి పోయేది. మచ్చలు తీయడం, చామనఛాయను రోంత తెల్లగా చేయడం, మూసుకున్న కళ్లు తెరవడం ఆమె పని. ఎదుటివాళ్ల ముఖం నున్నగా చేసి పంపే మనిషి కదా, మాట కూడా నున్నగా ఉంటుందని కొత్తవాళ్లు అనుకునేవారు. ఆమె నాతో మాట్లాడేది వింటే ఆ భ్రమ పోయేది.

పదేళ్ల కిందట ధర్మవరం నుంచి ఒక చీరల వ్యాపారి వచ్చాడు. నలభై దాటిన మనిషి. పాత అంగడి ముందువైపు మూడంతస్తుల కొత్త అంగడి కట్టించాడు. త్వరలో ప్రారంభం.

"అన్నా, మా నాయన ఫోటో కావల్ల. పెద్దది. గడప దాటి లోపలికి వస్తూనే ఎదురుగా కనపడల్ల."

"ఎంత పెద్దది?"

"నాలుగడుగులు. నాయన రాజుమాదిరి కూర్చోనుండల్ల. కుర్చీ చేతులకు బంగారు రంగు ఉండల్ల. భుజంమీద శాలువా. ఉంగరం కనపడల్ల."

నేను పది వేలన్నాను. అతను ఆరన్నాడు. పటం కట్టడంతో సహా ఎనిమిదికి తెగింది. ఇద్దరం నష్టపోయినవాళ్లలాగా ముఖాలు పెట్టుకున్నాం. అంటే బేరం సరిగ్గా కుదిరినట్టే. నాలుగు వేలు అడ్వాన్సు ఇచ్చాడు.

మాటల్లో వాళ్ల నాయన సంగతి చెప్పాడు. చిన్నతనంలో మగ్గం నేసి, తర్వాత చీరల మూట భుజానికెత్తుకుని పెనుకొండ, హిందూపురం, చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, గడపగడపకూ బేరమాడి అమ్మి, చివరికి అంగడి పెట్టినవాడట.

"ఇంగ కొత్త అంగట్లో బేరాల్లేవన్నా. ఒకటే ధర. చీరచీరకూ చీటీ. కంప్యూటర్లో కొట్టి బిల్లు చేతికిస్తారు. బెంగుళూరోళ్లు శానా మంది వస్తాండారు కదా, వాళ్లకు బేరమంటే చిరాకు."

"మరి మీ నాయన?"

"నాయన యాడికి పోతాడన్నా? గోడమీద ఉంటాడు కదా."

అతను తమాషాకు అనలేదు. చెడ్డ మనసుతోనూ అనలేదు. కంప్యూటరు దగ్గర మా పెనుకొండ ఆమె మాత్రం చేతిలో పని ఆపి ఒకసారి అతనివైపు చూసి, మళ్లీ ఎవరిదో మచ్చ తీయడంలో పడింది.

రెండు రోజులకు పెద్దాయన హిందూపురం వచ్చాడు. సన్నటి మనిషి. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, భుజంమీద ఎర్రంచు తువ్వాలు. పెళ్లి మండపాలకు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర తెచ్చిన ఎర్ర ముఖమల్ కుర్చీ చూపించాను. దాని చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తట్టి చూశాడు.

"లోపల గడ్డి" అన్నాడు, నిజమే. తర్వాత కూర్చున్నాడు.

తువ్వాలు తీయమన్నాను. తీశాడు. శాలువా కప్పాను. కప్పనిచ్చాడు. ఉంగరం కనిపించేలా చెయ్యి పెట్టమంటే పెట్టాడు. అంత మాట వినే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అప్పుడే అనుమానం రావలసింది.

"దండకు చోటు వదిలినావా అప్పా?" అని అడిగాడు.

"అదేం మాట పెద్దాయనా!"

"అడగల్ల కదా. రేపు దండేస్తే ముఖానికి అడ్డం పడిందనుకో, మల్లా తీయించుకునేకి నేను రాలేను."

మాకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు. వాన పడుతుందో లేదో చెప్పే గొంతుతో చెప్పుకుపోయాడు. "అంగట్లో కూర్చునేటోనికి పరుపు కావల్ల. గోడకు వేలాడేటోనికి మేకు చాలు. మావోడు మేకు కొట్టేసినాడు. పాత పరుపు ప్రారంభం మరుసటి దినం పారేస్తాడంట. ఒకటే ధర అంగట్లో నాకేం పనప్పా? చీటీ చదివేకి నాకంటే బాగా చదివే పిల్లోళ్లుండారు."

"కొడుకుతో ఈ మాట చెప్పినారా?"

"చెప్తే ఏమంటాడు, రెస్టు తీసుకో నాయనా అంటాడు. రెస్టు తీసుకునేకి నేనేమి పని చేస్తాండానప్పా, ఉండే పని మావోడే పెరుక్కునె."

ఆ రోజు చాలా తీశాను. తెర మీద వేసి చూస్తే ఒక్కటీ పనికి రాలేదు. అన్నిట్లోనూ ఆఖరి రైలు తప్పిపోయి, ఇంక ఎటూ పోయేది లేక బెంచీ మీద కూర్చున్న మనిషే ఉన్నాడు. కుర్చీ ఒక్కటే రాజుగారిలాగా వచ్చింది.

పెనుకొండ ఆమె వాటిని ఒకటొకటిగా చూసి తేల్చింది. "దీంట్లో నేను చేయాల్సిన పనేమీ లేదన్నా. కింద తేదీలు రాస్తే సరి."

కొడుకుకు పంపితే నవ్వు లేదని ఫోను చేశాడు. కంప్యూటర్లో నవ్వు పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. రెండు పెదవుల కొసలూ పైకి లేపింది. ఇద్దరం వెనక్కి వాలి చూశాం.

"తాత నవ్వలేదన్నా. మనం తాత మూతి పట్టుకొని నవ్వించినాము" అంది, తనే చెరిపేసింది.

కొడుకు మళ్లీ ఫోను చేశాడు. "అన్నా, ప్రారంభం రోజు పొద్దున్నే ధర్మవరం రా. ఆడనే తియ్యి. కుర్చీ మేమే తెప్పిస్తాము, ఇంగా మంచిది. పటం వారం తర్వాత తగిలించినా పర్వాలేదు. ఈసారి కూడా ఇట్లే వచ్చిందంటే మాత్రం బెంగుళూరు నుంచి ఎవరినన్నా పిలిపిస్తా. నువ్వు అడ్వాన్సు వాపసిస్తే చాలు."

వాపసు అన్న మాట మా ఇంట్లో పిల్లల ముందు అనేవాళ్లు కాదు.

ఆ పొద్దున హిందూపురంలో రైలెక్కాను. పెనుకొండలో మా స్టూడియో ఆమె ఎక్కింది. నీడ పడిన వైపుకు వెలుతురు తిప్పడానికి నా కూడా థర్మాకోల్ అట్ట ఒకటి ఉండేది. దాన్ని ఆమెకు అప్పగించాను. కొండ వెనక్కి పోయాక ఆమె అడిగింది.

"ఈసారి ఏం చేస్తావన్నా?"

"చేతికి ఏదన్నా ఇస్తా."

"ఏమిస్తావు?"

"పోయినాక చూస్తా."

"ఆ పోయినాక చూసేది ఆ బెంగుళూరాయప్ప కూడా చూస్తాడు. తక్కువకే చూస్తాడేమో" అని అట్ట మీద తల ఆనించి కళ్లు మూసుకుంది.

కొత్త అంగడి ముందు అరటి పిలకలు కట్టారు. సన్నాయి మేళం కుర్చీలు సర్దుకుంటోంది. లోపల అద్దాల బీరువాలు, చల్లటి గాలి, గోడమీద పెద్ద బోర్డు: ఒకటే ధర. ఎదురుగా ఖాళీ గోడ, దాని నడుమ కొత్త మేకు. మొదటి అంతస్తులో వేలాడే దీపాల కింద వెండిరంగు కుర్చీ. పెద్దాయన మాత్రం లేడు.

"ఇప్పుడే ఈడనే ఉండె కదా!" అని కొడుకు అందరినీ కేకలేస్తున్నాడు. నేను వెనక తలుపు తీసుకుని పాత అంగట్లోకి పోయాను. అంగడివాళ్ల ఇంట్లో పుట్టినవాడికి మనిషి కనపడకపోతే ఎక్కడ వెతకాలో ఒకరు చెప్పనక్కరలేదు.

పాత అంగడి అంటే ఇరుకైన పొడుగాటి గది. సరుకు చాలావరకు కొత్త దానిలోకి పోయింది. ఇంకా సర్దని ఒక దొంతర చీరలు, తెల్ల దుప్పటి పరిచిన పాత పరుపు మిగిలాయి. పరుపు నడుమ ఒకచోట గుంట పడింది. ఆ గుంటలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆ గుంట ఆయన కొలతకే పడింది.

"ఆడ కుర్చీ ఉండాది కదప్పా" అన్నాడు నన్ను చూసి.

"ఉండనీ. దానికి తొందరేముంది?"

కెమెరా స్టాండు పరుపు అంచున నిలబెట్టాను. తలుపులోంచి వెలుతురు వస్తోంది. పెనుకొండ ఆమె అట్ట పట్టుకుని పక్కన నిలబడింది. నేను కెమెరా పక్కనే, ఆయనకు ఎదురుగా, కొనేవాళ్లు కూర్చునే చోట కూర్చున్నాను. కుడి చేతిలో షట్టరు నొక్కే తీగ. దొంతరలోంచి పైనున్న చీర ఒకటి తీసి ఆయనకు అందించాను. వంగపండు రంగు, ఆకుపచ్చ అంచు.

"ఇది రోంతసేపు పట్టుకో పెద్దాయనా."

ఆయన పట్టుకోలేదు. మణికట్టు ఒక్క విసురు విసిరాడు. మడతలన్నీ జారి, కొంగు వచ్చి నా మోకాళ్ల మీద పరుచుకుంది. ఆ విసురుతోపాటు ఆయన నడుము కూడా నిటారైంది. స్టూడియోలో నేను ఎంత బతిమాలినా లేవని గడ్డం లేచింది. సన్నాయి మేళం వాడి గొంతు సవరింపు తప్ప ఇంకేమీ వినపడని ఆ క్షణంలో, ఈ నడుము మళ్లీ వంగకూడదన్న ఒక్క ఆశతో, మా నాయన అడగొద్దన్న మాట అడిగాను.

"ఎంత?"

"కొంటావా?"

"ధర తెలిస్తే కదా."

"పద్దెనిమిది."

"పద్దెనిమిది వేలా! చీరకా, అంగడికా?"

"జరీ చూడప్పా. మీ హిందూపురం ఎండలో దినమంతా ఆరేసినా మెరుపు పోదు."

"మా హిందూపురంలో ఎండ మీకంటే తక్కువ పెద్దాయనా."

"అట్లయితే ఇంగా శానా దినాలొస్తాది. ఇంగో వెయ్యి ఎక్కువియ్యి."

పెనుకొండ ఆమె అట్ట వెనక పక్కున నవ్వింది. నేను ఎనిమిదన్నాను. ఆయన చీర మడత పెట్టబోయినట్టు కొంగు కొస పట్టుకుని వదిలేశాడు. నేను లేవబోయినట్టు మోకాలు కదిలించి మళ్లీ కూర్చున్నాను. ఈ పద్ధతులన్నీ ఇద్దరికీ తెలిసినవే. ఆయనది పదిహేడయింది, నాది తొమ్మిదయింది. నడుమ నడుమ తీగ నొక్కుతూనే ఉన్నాను. బాగానే వస్తున్నాయి. కానీ మాట్లాడే నోరు ఫోటోలో ఎప్పుడూ ఆవులించినట్టే పడుతుంది.

"నువ్వు యాపారస్తుల బిడ్డవు" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎట్ల తెలుసు?"

"వచ్చినప్పటినుంచి గోడ చూస్తాండావు, తలుపు చూస్తాండావు, ఆ మిషన్లోకి చూస్తాండావు. చెయ్యి మాత్రం చీరమీదనుంచి తీయలే."

కిందికి చూసుకున్నాను. నా ఎడమ చెయ్యి అంచు మీదే ఉంది. బొటనవేలు జరీని రుద్దుతోంది. ముప్పై ఏళ్లు ఊరందరి చేతులూ చూసినవాణ్ణి. నా చెయ్యి ఏం చేస్తోందో చూసుకోవాలని ఎప్పుడూ తట్టలేదు. మా నాయన ఇది నేర్పలేదు.

అప్పుడు పెనుకొండ ఆమె నోరు జారింది. "బాగుండాదన్నా. పన్నెండుకైతే తీసుకో."

పెద్దాయన ముఖం చిట్లించాడు. "చూసినావా? మూడో మనిషి నోరు పడితే బేరం చెడతాది. తువ్వాలు కిందికి రా."

భుజంమీది ఎర్రంచు తువ్వాలు తీసి చేతిమీద కప్పుకుని ముందుకు చాచాడు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో, ఎద్దుల సంతల్లో పూర్వం బేరాలన్నీ ఇట్లాగే నడిచేవి. ధర పక్కవాడికి తెలియకూడదు. నోరు మూసుకుని, తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని మాట్లాడుకునేవాళ్లు. ఆయన తన లెక్క చెప్పాడు: మొదట పట్టిన వేళ్లు ఒక్కొక్కటి పదివేలు, తర్వాత పట్టినవి ఒక్కొక్కటి వెయ్యి, అరచేతిలో గోటితో గీస్తే ఇంకో అర వెయ్యి. చెయ్యంతా పట్టి గట్టిగా నొక్కితే బేరం తెగినట్టు. చిన్నప్పుడు మా నాయన చంకలోంచి ఈ తువ్వాళ్లను చూశాను గానీ, లోపల చెయ్యి పెట్టింది అదే మొదలు.

ఎడమ చెయ్యి తువ్వాలు కిందికి పంపాను. కుడి చేతిలో తీగ.

బయట ఇద్దరు మనుషులు ఊరికే కూర్చున్నట్టే ఉంటుంది. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. ఆయన పదిహేను అన్నాడు. నేను పది. నా మనసులో ఉన్న ధర పదిన్నర, అది కూడా ఇవ్వాలని కాదు, అక్కడిదాకా దింపి, ఫోటో అయిపోయాక ఏదో సాకు చెప్పి లేద్దామని. కెమెరా తెరలోకి చూశాను. ఆ ముఖం నాకు అప్పటిదాకా కనపడలేదు. కళ్లు సగం మూసుకున్నాయి. గడ్డం రవ్వంత పైకి లేచింది. ఒక పెదవి కొస మాత్రం, ఎవరూ లేపకుండా, తనంతట తానే లేచింది. చెవులతో కాక వేళ్లతో వింటున్న ముఖం అది. మూటతో తిరిగిన పల్లెలన్నీ, ఆ గడపలన్నీ ఆ రెప్పల కింద ఉన్నాయేమో తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఈ మనిషిని మేకుకు తగిలించడం కుదరదు.

తువ్వాలు కింద ఆయన నా వేలు ఒకటి పట్టాడు. తర్వాత రెండు. అరచేతిలో గోటితో గీశాడు. పన్నెండున్నర. నేను వేళ్లు విడిపించుకుని తల అడ్డంగా ఊపాలి. సరిగ్గా అప్పుడు పెనుకొండ ఆమె అట్ట కొద్దిగా వంచింది. వెలుతురు వచ్చి ఆ పెదవి కొస మీద కూర్చుంది.

కుడి చేత్తో తీగ నొక్కాను. నా బలమంతా పెట్టి నొక్కాను. మనిషిని తయారుచేసినవాడికి ఫోటోగ్రాఫర్ల ఇబ్బందులు తెలియవు. కుడి చెయ్యి అంత గట్టిగా నొక్కుతుంటే ఎడమ చెయ్యి ఊరికే ఉండదు. అదీ నొక్కింది.

పెద్దాయన తువ్వాలు లాగి గాల్లోకి విసిరాడు.

"బోణీ!"

ఆ కేకకు సన్నాయి మేళం మొదలైందని లోపలివాళ్లు అనుకున్నారట. కొడుకు పరుగెత్తుకొచ్చాడు.

"నాయనా, ముహూర్తం దాటిపోతాంది, నువ్వీడ..."

"అయిపోయిందిలేరా. కొత్తంగడి బోణీ ఈడనే అయింది. పన్నెండున్నర."

కొడుకు చీర చేతిలోకి తీసుకున్నాడు. మడత విప్పి, లోపల దారంతో కట్టిన చీటీ తిప్పాడు. పైకి చదివాడు. "పదకొండు వేలు."

పెనుకొండ ఆమె పదకొండుకూ పన్నెండున్నరకూ మధ్య ఎంతో వేళ్లమీద లెక్క పెట్టుకుంది. తువ్వాలు కప్పుకోకుండానే. హిందూపురం బజారులో బెల్లంగడివాడి కొడుకు, కండక్టరును కూడా బేరమాడినవాడు, ఒకటే ధర అంగట్లో ఆ ధరకంటే పదిహేను వందలు ఎక్కువకు చీర కొన్నాడు.

"అన్నా, ఏమనుకోవద్దు. నాయన పాతకాలం మనిషి" అన్నాడు కొడుకు. నొచ్చుకుంటూనే అన్నాడు. "చీటీమీద ఉండేదే ఇయ్యి. అది కూడా నీకు అవసరం లేదంటే వదిలెయ్యి."

పెద్దాయన తల ఎత్తలేదు. చీరను మళ్లీ మడత పెడుతున్నాడు. సగం మడతలో ఆయన చెయ్యి ఆగింది.

ఆ చెయ్యి చూడకపోయి ఉంటే నాకు పదిహేను వందలు మిగిలేవి. మా వంశంలో చేతికొచ్చిన పదిహేను వందలు వద్దన్నవాడు అంతకుముందు ఒకడే ఉన్నాడు. అతనికి మతి చెడిందని పెద్దవాళ్లు తేల్చారు.

"బేరం తెగిందబ్బా" అన్నాను. "బోణీ బేరం. ఒక్క రూపాయి తగ్గించినా మీ అంగడికి మంచిది కాదు."

మడత పూర్తయింది.

నాకు రావలసిన నాలుగు వేలు అందులో చెల్లుబెట్టుకున్నారు. తక్కిన ఎనిమిదిన్నర వేలకు కార్డు ఇచ్చాను. కొత్త కార్డు మిషను కూడా నాతోనే బోణీ చేసింది. కాగితం గీరుమని బయటికొస్తుంటే, కొడుకు తండ్రివైపు తిరిగాడు. అంగడివాడి ముఖమే, కొడుకు ముఖం కాదు.

"పదకొండు చీర పన్నెండున్నరకు ఎట్ల పోయింది నాయనా?"

"చీటీకి నోరు లేదు గదరా."

"కొసరేమైనా ఉందా పెద్దాయనా?" అని అడిగాను. అలవాటు.

పరుపుమీద పడిన తువ్వాలు తీసి పెద్దాయన నా భుజాన వేశాడు.

సాయంత్రం ఫోటో ల్యాప్‌టాప్‌లో చూపించాము. కొడుకు చాలాసేపు చూశాడు. "బాగుండాది. కానీ ఈ మూలకు మోచెయ్యి ఎవురిది?"

"నాది." గళ్ల చొక్కాలో నా ఎడమ మోచెయ్యి చట్రంలోకి అడ్డంగా దూరి, తువ్వాలు కిందికి పోయింది.

"దాన్ని తీసెయ్యండి."

పెనుకొండ ఆమె ఆ వైపు కోసి చూపించింది. మోచెయ్యి పోయింది. సగం కళ్లు మూసుకుని, తువ్వాల్లో ఏదో దాచుకుని, ఎవరూ లేని చోటుకు చూసి ముసిముసిగా నవ్వుకునే ముసలాయన మిగిలాడు. ఏ అంగట్లోనో ఏదో కాజేసి దొరక్కుండా కూర్చున్నట్టు ఉంది. మళ్లీ మోచెయ్యి పెట్టింది. వ్యాపారి వచ్చాడు. తీసింది, దొంగ. పెట్టింది, వ్యాపారి.

"ఉండనీలేమ్మా" అన్నాడు కొడుకు.

మరుసటి రోజు పరుపు పారేయలేదు. కొత్త అంగట్లో బోర్డు కింద, మూలకు వేశారు. గుంట పడిన వైపు పైకి వచ్చేలాగే వేశారట. పటం కట్టించి తీసుకుపోతే పెద్దాయన తగిలించనివ్వలేదు. "నేను ఈడ కూర్చోనుంటే నా బొమ్మెందుకురా? ఇద్దరికీ కాఫీ ఇస్తారా?" అన్నాడు. ఆ ఖాళీ మేకుకు ఒక గడియారం తగిలించారు. పటాన్ని దుప్పటి చుట్టి పరుపు వెనక నిలబెట్టుకుని, దానికే వీపు ఆనించి కూర్చునేవాడు. నా ఫోటోలు ఎన్నో గోడలమీద ఉన్నాయి. మనిషి నడుముకు ఆసరా అయింది అదొక్కటే.

ఆ తర్వాత నేను ధర్మవరం మీదుగా పోయినప్పుడల్లా తొంగి చూసేవాణ్ణి. బేరమంటే చిరాకు పడతారన్న బెంగుళూరువాళ్లు ఆ మూలనే ముసురుకుని ఉండేవాళ్లు. కొందరు పద్దెనిమిదికి కూడా కొన్నారని కొడుకే చెప్పాడు, బోర్డువైపు చూడకుండా.

నాలుగేళ్లకు ఫోను వచ్చింది. గడియారం తీసేశామని చెప్పాడు. అంతకు మించి చెప్పనవసరం లేదు. పోయాను. పటం ఆ మేకుకే తగిలించారు. దండకు చోటు వదిలానా లేదా అని నేనే కంగారు పడి చూశాను. ముఖానికి ఎక్కడా అడ్డం పడలేదు. దండ వాలు మాత్రం మూలకు పోయి నా మోచేతి మీద ఆగుతోంది. ఆ చెయ్యి ఎవరిదని ఎవరైనా అడిగితే, "కొన్నాయనది" అని చెబుతారట.

స్టూడియో ఇప్పుడు మా పెనుకొండ ఆమెదే. నాకంటే ఎక్కువ అడుగుతుంది, ఇస్తారు. చీర మా ఆవిడ దగ్గర ఉంది. ఆ రోజే చీటీ చూసి, "పదకొండు వేలా? నువ్వు పోయి కూడా రూపాయి తగ్గించలేదా?" అని అడిగింది. ఆ అంగట్లో బేరాలు లేవని చెప్పాను. ఇది అచ్చులో చదివితే ఆ లెక్క కూడా తేలుతుంది.

లెక్క చెప్పకుండా లేస్తే మా నాయన ఊరుకోడు. ఫోటోకు వచ్చింది ఎనిమిది వేలు. ముద్రణకు, పటం కట్టడానికి మూడు వేల నాలుగు వందలు. రైలు, భోజనాలు మూడు వందలు. పెనుకొండ ఆమెకు బయటూరి పని కూలీ ఎనిమిది వందలు. మిగిలింది మూడున్నర వేలు. చీర పన్నెండున్నర. చేతినుంచి పోయింది తొమ్మిది వేలు. చీర ఇంట్లో ఉంది కాబట్టి, చీటీ ప్రకారం దానికి పదకొండు వేలు వేసుకుంటే రెండు వేలు లాభమే. దాన్ని అమ్ముదామని మా ఆవిడతో చెప్పగలిగినవాడికి ఆ లాభం చెందుతుంది. కొసరు, తువ్వాలు ఒకటి.

చీటీకి మించి ఇచ్చిన పదిహేను వందలు ఏ పద్దు కింద రాయాలో చాలా రోజులు తేలలేదు. ఇప్పుడు స్థలం కింద రాసుకున్నాను. ధర్మవరం బజారులో, గడప దాటగానే ఎదురుగా, మోచేయంత చోటు, రోజూ దండతో సహా. అంతకు తక్కువకు ఎవరిస్తారు?